పరిశోధనారంభమున ఒక ధర్మసంశయము

మన సంఘములలో ఇటీవల ఒక సదాశయము బయలుదేరినది. తరతరములుగా తమిళదేశమునందును, కన్నడదేశమునందును, ఒడిశా మహారాష్ట్రములందును, యానామునందును స్థిరపడియున్న తెలుగు కుటుంబములవారు తమ రాకను గూర్చియు, తమ వీధిని గూర్చియు, తమ వృత్తిని గూర్చియు వ్రాతపూర్వకమైన చరిత్ర యొకటి యుండవలెనని కోరుచున్నారు. ఇంటిలో పై చదువు చదివిన అబ్బాయినో అమ్మాయినో పిలిచి, "విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు పోయి మనవారిని గూర్చి ఏమున్నదో చూచి రావలెను నాయనా" అని పెద్దలు చెప్పుచున్నారు. ఆ బిడ్డ గడప దాటకముందే విచారింపవలసిన ప్రశ్న యొకటి కలదు. గ్రంథాలయమునకు మనము అడుగుటకు పోవుచున్నామా, సాక్ష్యము తెచ్చుకొనుటకు పోవుచున్నామా?

ఈ రెండును పైకి ఒకటిగనే కనబడును. రెండింటను పుస్తకములు తీయుదురు, పుటలు త్రిప్పుదురు, కాగితముపై వ్రాసికొందురు. కాని సాక్ష్యమునకు పోయినవాడు తనకు అనుకూలమైన వాక్యము దొరకగానే పుస్తకము మూసివేయును. అడుగుటకు పోయినవాడు దాని తరువాతి పుటను కూడ చదువును. వకీలు తన కక్షిదారునకు హాని చేయు సంగతిని తానై బయటపెట్టకుండుట వృత్తిధర్మమే కావచ్చును. తన వంశమునకు తానే వకీలై, తానే న్యాయాధిపతియై తీర్పు వ్రాసికొనువాని స్థితి వేఱు.

అట్లని అభిమానమును తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. అభిమానము లేనిదే ఈ వెదకులాట పుట్టనే పుట్టదు. దక్షిణపు కొసనున్న యొక తెలుగు పల్లెను గూర్చియో, షోలాపురపు పద్మశాలీల మగ్గములను గూర్చియో పట్టించుకొని, నెలల తరబడి దుమ్ముపట్టిన సంపుటములు చదువుటకు ఏ సంబంధమును లేని పండితుడు ఎందుకు పూనుకొనును? తటస్థుడు మన గుమ్మమునకు రాడు. వచ్చువాడు తటస్థుడు కాడు. అల్పసంఖ్యాకులకెల్ల ఉన్న చిక్కు ఇదియే. కనుక ప్రశ్నను కొంచెము మార్చి అడుగుకొనవలెను. తనవారియందు ప్రేమ గలవాడు తనవారిని గూర్చి న్యాయముగా విచారించుట సాధ్యమా? సాధ్యమైనచో ఆ పని ఎచ్చట మొదలగును?

అది ప్రశ్నను చిన్నదిగా చేసికొనుటతో మొదలగునని మా అభిప్రాయము. "దక్షిణదేశమున తెలుగువారి చరిత్ర" అని అడిగినవానికి ఏ గ్రంథాలయమును బదులు చెప్పజాలదు. చెప్పినను అది పది బీరువాల పుస్తకములను చూపుటయే యగును. అట్టి పెద్ద ప్రశ్నలో ఒక సుఖము కలదు. దానికి "కాదు" అను జవాబు ఎన్నటికిని రాదు. మన గొప్పతనమునకు కావలసినంత చోటు అందులో ఉండును. దానికి మాఱుగా, "మా ఊరి నేతవీధిలో తెలుగు నిలిచియుండగా, అదే ఊరి కోమటివీధిలో అది రెండు తరములలో ఎందుకు సన్నగిల్లినది?" అని అడిగినచో, జనాభా లెక్కల మాతృభాషా పట్టికలను చూడవచ్చును, జిల్లా గెజెటీరులో ఆ ఊరి నేతను గూర్చి ఏమున్నదో చూడవచ్చును, పాఠశాలలలో ఏ భాషలో చదువు చెప్పిరో విద్యాశాఖ వార్షిక నివేదికలలో వెదకవచ్చును, ఆ వీధుల క్రయపత్రములు ఏ లిపిలో నున్నవో ఇంటింట అడుగవచ్చును. ఈ ప్రశ్నకు మన కిష్టములేని జవాబు కూడ రావచ్చును. వర్తకులు తెలుగును బలవంతముమీద విడువలేదనియు, లాభమును చూచికొని తామే విడిచిరనియు తేలవచ్చును. అట్లు ఓడిపోవుటకు వీలున్న ప్రశ్నను చేతబట్టుకొని పోవుటయే న్యాయముగా అడుగుటకు మొదటి గుర్తు.

ఇచ్చట మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమును తలచుకొనక తప్పదు. 1924లో అచ్చట తొలి గ్రంథాలయాధికారిగా నియమితుడైన శియాళి రామామృత రంగనాథన్ గణితశాస్త్రోపాధ్యాయుడు. ప్రెసిడెన్సీ కళాశాల తరగతిగదిని విడిచివచ్చిన ఆయనకు మొదట గ్రంథాలయపు నిశ్శబ్దము దుర్భరమయ్యెనని చెప్పుదురు. ఇంగ్లండునకు పోయి అచ్చటి గ్రంథాలయములను పరికించి వచ్చిన పిదప ఆ పనియే ఆయనకు జీవితమైనది. 1931లో ఆయన ప్రకటించిన పంచసూత్రములు లోకమంతట ప్రసిద్ధములు. పుస్తకము దాచుటకు గాక వాడుటకే యనియు, ప్రతి పాఠకునకును అతనికి తగిన గ్రంథము, ప్రతి గ్రంథమునకును దానికి తగిన పాఠకుడు లభింపవలెననియు, పాఠకుని కాలము వ్యర్థము కారాదనియు, గ్రంథాలయము ప్రాణివలె పెరుగుచుండుననియు వాని సారము. ఇవన్నియు గ్రంథాలయముపై పెట్టిన విధులు. పాఠకునిపై ఏ విధియు లేదా యని మేము పలుమాఱు ఆలోచించితిమి.

ఒకటి కలదు: తన నిజమైన ప్రశ్నను చెప్పుట. గ్రంథాలయపు ఉద్యోగులతో మాటలాడి చూచినచో ఈ సంగతి తెలియును. పాఠకులు మొట్టమొదట అడుగునది వారికి కావలసినది కాదు. "తంజావూరు చరిత్ర గ్రంథములున్నవా?" అని అడిగినవాడు నిజమునకు తన యింటిపేరు నాయకరాజుల కొలువులో కనబడునా యని తెలిసికొన గోరుచుండును. అది చెప్పుటకు సిగ్గు. గొప్ప విషయము అడిగినట్లు ఉండవలెనను కోరిక. ఫలితముగా గ్రంథాలయాధికారి పది పుస్తకములు తెచ్చి ముందుంచును. వానిలో ఒక్కటియు పనికిరాదు. పాఠకుడు "ఇచ్చట ఏమియు లేదు" అని ఇంటికి వచ్చును. సత్యాన్వేషణ యని పెద్దపేరు పెట్టుకొన్న పనిని చిన్న కపటముతో ఆరంభించుట ఎంత వింత! ఇంటిపేరును గూర్చి అడుగుట తప్పుకాదు. దానిని చరిత్రయను ముసుగు వెనుక దాచి అడుగుటయే చిక్కులు తెచ్చును.

ఇక పేర్ల సంగతి. గ్రంథసూచి మనలను మన పేరుతో ఎఱుగదు. తమిళుల వ్రాతలలో మనము వడుగులము. పూర్వపు ఇంగ్లీషువారి కాగితములలో జెంటూలము, తెలింగలము. 'తెలుగు' అను ఒక్క మాటకే వారు నాలుగైదు వర్ణక్రమములు వాడిరి. ముంబయిలో కామాఠీలము, అచ్చటి కామాఠీపురమునకు ఆ పేరు తెలుగు ప్రాంతమునుండి వచ్చిన కట్టడపు పనివారివలన కలిగినదే. గణనయంత్రపు సూచిలో 'తెలుగు' అని కొట్టి, దొరకలేదని లేచివచ్చు నేటి విద్యార్థి ఈ పేర్లన్నిటిని ముందుగా ఒక కాగితముపై వ్రాసికొనినచో సగము పని యైనట్లే.

కాని ఈ పేర్లలోనే ఉచ్చులు కూడ కలవు. 1776లో లండనులో ముద్రితమైన హాల్‌హెడ్ గారి 'జెంటూ ధర్మశాస్త్ర' సంకలనమును చూచి మనవారి న్యాయవ్యవస్థ యని సంతోషింపరాదు. అందు జెంటూ యనగా హిందువు; ఆ గ్రంథము వంగదేశమున పండితులచే కూర్పించినది. 1817లో మద్రాసున విలియం బ్రౌన్ ప్రకటించిన 'జెంటూ భాషా వ్యాకరణము' మాత్రము సాక్షాత్తుగా తెలుగు వ్యాకరణమే. నలువది యేండ్ల యెడములో ఒకే మాట రెండు జాతులను చెప్పినది. అట్లే నీలగిరులలోని బడగల పేరునకు ఉత్తరమువారని అర్థము; వడుగ శబ్దమునకు అది చుట్టమే. అంతమాత్రమున వారిని తెలుగువారిలో లెక్కించుట అన్యాయము. వారి భాష కన్నడమునకు దగ్గఱిది. మన సంఖ్యను పెంచు పొరపాటు కనుక ఎవరును దానిని దిద్దుటకు తొందరపడరు. మన సంఖ్యను తగ్గించు పొరపాటైనచో మఱునాడే ఖండన వ్రాయుదుము. పక్షపాతము అబద్ధమాడుటలో కంటె ఇట్టి తొందర తేడాలలోనే ఎక్కువగా దాగియుండును.

పత్రము మన భాషను అనుసరించి ఉండదు. అది పుట్టిననాటి ప్రభుత్వమును అనుసరించి ఉండును. బరంపురము, పర్లాకిమిడి 1936లో ఒడిశా రాష్ట్రము ఏర్పడువఱకు మద్రాసు ప్రభుత్వము క్రింద నుండెను. బళ్లారి 1953 వఱకు మద్రాసు రాష్ట్రములోనిది. కనుక బరంపురము, బళ్లారి కుటుంబముల పాత రెవిన్యూ సంగతులు నేటికిని చెన్నపట్టణమున వెదకవలసినవే. యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. దాని పత్రములలో ముఖ్యమైనవి ఫ్రెంచి భాషలో వ్రాసినవి, వానిలో కొన్ని ఫ్రాన్సు దేశమునకే చేరినవి. యానాములోని తాత తెలుగువాడే. అతని స్థలపు హద్దులు ఫ్రెంచిలో నుండును. ఇట్టి చిక్కు మన కుటుంబములకే వచ్చును. తెలుగుదేశమున ఉన్నవారికి ఇంతగా తెలియదు.

గ్రంథాలయమున మనవారు మొట్టమొదట చేయి చాచు సంపుటములు థర్‌స్టన్ గారివి. మద్రాసు వస్తుప్రదర్శనశాలకు అధికారియైన ఎడ్గర్ థర్‌స్టన్ రంగాచారిగారి సహాయముతో 1909లో ఏడు సంపుటములలో దక్షిణదేశపు కులములను, తెగలను వర్ణించెను. ప్రతి కులమునకును ఒక వ్యాసము, పెక్కింటిలో ఒక పుట్టుకకథ. ఆ కథను తెలుగుచేసి ప్రత్యేకసంచికలలో అచ్చువేయుట మనకు అలవాటైనది. ఇట్టి సంచికలోనే ఈ మాట వ్రాయుట మర్యాద కాదేమో! కాని ఆ కథలు మన పెద్దలు చెప్పగా ఇతరులు విని వ్రాసికొన్నవి. మన మాటయే ఇంగ్లీషులోనికి పోయి, పెద్ద అట్టతో తిరిగివచ్చి, మనకు ప్రమాణమైనది. ప్రతిధ్వనిని సాక్షిగా నిలుపుకొన్నట్లు!

కైఫీయతుల విషయము ఇంకను లోతైనది. సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ సేకరించిన గ్రామచరిత్రలు, శాసనప్రతులు, తాళపత్రములు దక్షిణదేశ చరిత్రకు పెన్నిధి యని అందఱకును తెలియును. ఆయన 1821లో గతించెను. ఆ నిధికి విల్సన్ పండితుడు కూర్చిన సూచి 1828లో కలకత్తాలో వెలువడినది. సూచిలో పేరు మెకంజీది, కూర్పు విల్సనుది. కాని ఊరూర తిరిగి కరణములను, పూజారులను, పాళెగాండ్రను అడిగి వ్రాయించినవారెవరు? ఏలూరునకు చెందిన కావలి సోదరులు: బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొఱ్ఱయ్య 1803లోనే చిన్నవయసున మరణింపగా, లక్ష్మయ్య ఆ భారము మోసెను. రామస్వామి దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషున వ్రాసి 1829లో కలకత్తాలో ప్రకటించెను. దొర మరణించిన తరువాత ఆ పనిని కొనసాగించుటకు తనకు అవకాశమీయుడని లక్ష్మయ్య అర్థించెను. 1830 ప్రాంతపు ఆ దశకములో పెద్దలు విచారించి, ఆ పనికి ఆయన చాలడని త్రోసివేసిరి. సహాయకుడుగా పనికివచ్చును గాని పరిశోధకుడుగా పనికిరాడని వారి భావము. సేకరించిన చేతికి అర్థము చెప్పు అధికారము లేకపోయెను.

ఈ వృత్తాంతమున మనకు రెండు బాధ్యతలు కనబడుచున్నవి. అవి ఒకదాని కొకటి ఎదురుగా నిలుచును. మొదటిది కృతజ్ఞత: కైఫీయతును వాడుకొని మెకంజీ పేరు మాత్రము చెప్పి ఊరకుండుట అన్యాయము. రెండవది జాగ్రత్త: మనవారు సేకరించిరి కనుక అందున్నదెల్ల సత్యమనుట కూడ అన్యాయమే. ఆ కైఫీయతులు చెప్పినవారిలో పెక్కురు ఇనాములు, మాన్యములు, కావలి హక్కులు గలవారు. కంపెనీవారు శిస్తు నిర్ణయించుచున్న దినములవి. తన మాన్యము రాయలకాలపుదని చెప్పుకొన్నచో నిలుచును, నిన్నటిదని చెప్పినచో పోవును. అట్టి వేళ ఏ కరణము తన తాతను తక్కువ చేసి చెప్పును? అనగా మనము గ్రంథాలయమున సాక్ష్యము వెదకుటకు రెండువందల యేండ్లకు ముందే మన పూర్వులు సాక్ష్యము సిద్ధము చేసి పెట్టియుండిరి. ఆ వ్రాతను ప్రేమతో చదువవచ్చును. దానిపై ప్రమాణము చేయుటకు ముందు, ఎవరు చెప్పిరి, ఎవరికి చెప్పిరి, చెప్పుటవలన వారికి ఏమి నిలిచినది అని మూడు మాటలు అడుగవలెను.

మన పూర్వులు పెంచి చెప్పినది ఇట్లుండగా, తగ్గించి దాచినదానిని ఏమి చేయవలెను? ఇదియే ఈ విషయమున కష్టమైన భాగము. దీనికి బెంగుళూరు నాగరత్నమ్మగారి కథను మించిన దృష్టాంతము మాకు తోచలేదు. తంజావూరున మహారాష్ట్ర ప్రభువైన ప్రతాపసింహుని కాలమున, అనగా 1739-1763 మధ్య, ముద్దుపళని యను వేశ్యాకులజాత తెలుగున 'రాధికాసాంత్వనము' రచించెను. తమిళదేశము, మహారాష్ట్ర ప్రభువు, తెలుగు కావ్యము: మనవంటి కుటుంబములకు ఇంతకంటె దగ్గఱి గ్రంథము ఏది? 1887లో ఆ కావ్యము అచ్చయ్యెను. ఆ అచ్చులో కవయిత్రి తన వంశమును, తనకు పూర్వులైన స్త్రీలను చెప్పుకొన్న పీఠికాభాగమే లేదు. శృంగారము మితిమీఱినదని తోచిన కొన్ని పద్యములును లేవు. నాగరత్నమ్మ ఈ లోపమును గుర్తించి, వ్రాతప్రతిని సంపాదించి, సరిచూచి, 1910లో పూర్తిపాఠమును వావిళ్లవారి ముద్రణాలయమున అచ్చు వేయించెను. కొలదికాలములోనే అశ్లీలమను నెపముపై ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ నిషేధము 1947 ప్రాంతమున గాని తొలగలేదు.

పాఠకులు ఈ గ్రంథపు గుణదోషములను గూర్చి ఏమని యైనను తలచుకొనవచ్చును. మేము చూపదలచినది వేఱొకటి. 1887 నాటి పరిష్కర్త చెడ్డవాడు కాడు. తెలుగు కవిత్వమునకు మచ్చ రాకూడదని ఆయన తలంపు. సదుద్దేశముతోనే కత్తిరించెను. ఆ కత్తిరింపులో శృంగారముతో బాటు ఒక స్త్రీ తన వంశములోని స్త్రీలను తలచుకొన్న చోటు కూడ పోయినది. మచ్చను తీయబోయి వంశవృక్షమును తీసివేసెను. దాచువాడు తాను దేనిని దాచుచున్నాడో తనకు పూర్తిగా తెలియుననుకొనును. తెలియదు.

దీనికి మనలో కొందఱు చెప్పు సమాధానము బలమైనది. దానిని తేలికగా త్రోసివేయరాదు. "మనము పొరుగు రాష్ట్రమున కొద్దిమందిగా బ్రదుకుచున్నవారము. మన పూర్వులు సైన్యముల వెంట వచ్చిరనియో, పాళెగాండ్రై ఇతరుల భూములు పట్టిరనియో, తమ చెఱువునీటిని కొందఱికి నిషేధించిరనియో మనమే అచ్చువేసినచో, ఱేపు ఎవడైనను దానిని మన ముఖముపై విసరును. పెద్దసంఖ్యలో ఉన్నవారు తమ తప్పులను ఒప్పుకొనుట ఔదార్యము. చిన్నసంఖ్యలో ఉన్నవారు ఒప్పుకొనుట అవివేకము." ఈ భయము కల్పితము కాదు. 1956లో రాష్ట్రములు భాషను బట్టి ఏర్పడిన నాటినుండి, నాలుగు వందల యేండ్లుగా ఒకే ఊరిలో ఉన్నవారిని సైతము "మీరెక్కడివారు?" అని అడుగుట మన పిల్లలు విన్నదే.

అయినను ఈ వాదములో లోపము కలదు. ఆ పుస్తకము మన బీరువాలో లేదు. అది విశ్వవిద్యాలయ గ్రంథాలయమున, పదిమందికిని అందు బల్లమీద నున్నది. మనము మూసివేసిన పుటను మన ప్రక్కన కూర్చుండిన విద్యార్థి తెఱచి చదువుచుండును. కనుక మనము దాచునది పొరుగువానినుండి కాదు, మన పిల్లలనుండియే. పొరుగువాడు ఒకనాడు ఆ సంగతి చెప్పినప్పుడు మన పిల్లవాడు "అబద్ధము" అనును. పుస్తకము చూపగా నోరు మూసికొనును. పిదప మనము చెప్పిన మంచినంతటిని కూడ అనుమానించును.

ఇందుకు మేము పెట్టుకొన్న హద్దు ఒకటి కలదు, పాఠకులు అంగీకరింపకపోవచ్చును. గతించినవారి పనులు, బహిరంగ పత్రములలో ఉన్నవి, చెప్పవలసినవే. బ్రదికియున్న కుటుంబమునకు నేడు అవమానమో నష్టమో కలిగించు సంగతియైనచో సంగతిని చెప్పి పేరును విడువవలెను. పేరును ఉంచి సంగతిని విడుచుట మన వాడుక: దాతల జాబితాయంతయు ఉండును, తగవు మాత్రము ఉండదు. అది తలక్రిందులైన పద్ధతి.

మఱియొక సంశయము. మనవారిని గూర్చియే అడుగవలెనా? పర్లాకిమిడిలో 1880 నుండి ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు దగ్గఱనున్న ముఖలింగపు శాసనముల లిపిని తమంతట తామే నేర్చికొని చదివిరి. అంతటితో ఆగక, కొండలలోని సవరల భాష నేర్చుటకు ఆ భాష తెలిసినవారిని ఇంట ఉంచుకొని, ఏండ్ల తరబడి పాటుపడిరి. ఆ భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువడినవి. ఆయన చుట్టమా సవర? పొరుగువాడు. ఆ ఊరిలో ఆయనకు అందుబాటున విశ్వవిద్యాలయ గ్రంథాలయమును లేదు. మనుష్యులను, రాళ్లను చదువుకొనెను. పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరినప్పుడు ఆయన మనస్తాపముతో రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. తెలుగుపై అంత పట్టుదల గలవాడే తన జీవితములో సగము పొరుగువారి భాషకు ధారపోసెను. (ఆయన కూడదన్న గ్రాంథికముననే ఈ వ్యాసము వ్రాయుచున్నామని మాకు తెలియును. ఆ మహనీయుడు మమ్ము క్షమించుగాక!) మన వీధిచరిత్రను వ్రాయువారు ప్రక్కవీధిలోని తమిళుల, కన్నడిగుల, ఒడియావారి పత్రములను కూడ ఒకటి రెండు చదివినచో, మనవారి బాధలని తలచినవానిలో కొన్ని ఆ ఊరివారందఱి బాధలని తెలియును. మన ప్రత్యేకత కొంత తగ్గును. కొంత నిజముగా మిగులును. ఆ మిగిలినదే మనది.

చేసిన పనిని ఎవరి పేర చెప్పవలెననుట కావలి లక్ష్మయ్యనాటి ప్రశ్నయే. అది నేడు మన యిండ్లలోనికే వచ్చినది. మన పిల్లలలో పెక్కురు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. పెట్టెలోని తాతగారి దస్తావేజు గొలుసుకట్టు వ్రాతలో నుండును. దానిని చదువగలవారు వీధికి ఒకరో ఇద్దఱో, అందులోను వృద్ధులు. విశ్వవిద్యాలయమునకు సిద్ధాంతగ్రంథము సమర్పించు విద్యార్థి ఆ అవ్వయొద్దనో తాతయొద్దనో పదిదినములు కూర్చుండి పత్రములు చదివించుకొని, గ్రంథమున "స్థానికుల సహాయముతో" అని ఒక్క మాట వ్రాసి ముగించినచో, లక్ష్మయ్యను సహాయకుడని త్రోసిపుచ్చిన దొరకును ఇతనికిని భేదమేమి? వారి అనుమతితో వారి పేరును, వారు చదివి చెప్పిన చోటులను వ్రాయవలెను. అట్లే మనకు ముందు ఎవరేమి చేసిరో చూడకయే "ప్రప్రథమముగా" అని వ్రాయుట మానవలెను. భారతీయ విశ్వవిద్యాలయముల పరిశోధనగ్రంథములు అనేకము నేడు 'శోధగంగ' యను భాండారమున ఇంటనుండియే చదువుటకు వీలుగా నున్నవి. మన ఊరిని గూర్చి మఱియొక శాఖలో, ఆర్థికశాస్త్రముననో భాషాశాస్త్రముననో, ఎవరో యొకరు ముందే పనిచేసియుండవచ్చును.

తీసికొన్నదానికి తిరిగి ఈయవలసినది కూడ కలదు. పూర్వము లేఖకులు తాళపత్రగ్రంథము ముగించి, దీనిని నీటినుండి, నూనెనుండి కాపాడుడని చదువరిని వేడుకొనుట ఆచారము. నేడు పుటలు చించుకొనిపోవువారును, చిత్రపటములు కత్తిరించువారును లేకపోలేదు. అట్టివారిని గూర్చి వ్రాయుటకు ఏమున్నది? మంచివారే మఱచు సంగతి వేఱు. ఇంటి పత్రములను గ్రంథాలయమున చూపి, వాని సహాయముతో చరిత్ర వ్రాసికొని, మరల పెట్టెలో పెట్టి తాళము వేయుదురు. అసలు ప్రతిని ఇచ్చుట ఇష్టము లేనిచో ఛాయాప్రతినైనను ఒకదానిని అచ్చట విడిచినచో, మన వ్రాతను మఱియొకరు సరిచూచుటకు వీలుండును. ఇతరులు చూడలేని ఆధారముపై వ్రాసిన చరిత్రను నమ్ముమనుట కైఫీయతు చెప్పిన కరణముగారి పద్ధతియే యగును.

ఇంకొక చిన్న పని మిగిలినది. వెదకినవానికి పెక్కుదినములు ఏమియు దొరకదు. 1871 నాటి లెక్కలు చూచితిమి, మా వీధి ప్రత్యేకముగా లేదు. గెజెటీరు చూచితిమి, ఊరి పేరే లేదు. ఫలానా సంవత్సరపు నివేదికలో ఆ పుటలు శిథిలములైనవి. ఇట్టివానిని ఎవరును వ్రాయరు, దొరకినదే వ్రాయుదురు. దొరకనిదానిని వ్రాయుటకు సంఘపు కార్యాలయమున ఒక సాధారణమైన పుస్తకము ఉంచుడని కార్యనిర్వాహకులను మేము కోరుచున్నాము. ఏ గ్రంథాలయము, ఏ సంపుటము, ఏ పేరుతో వెదకిరి, ఏ తేదీన, ఏమి కనబడలేదు అని అయిదు గడులు చాలును. వచ్చు సంవత్సరము మఱియొక కుటుంబపు పిల్లవాడు అదే మెట్లు ఎక్కునప్పుడు 'వడుగ' అను మాటతో వెదకి చూచిరా, 'జెంటూ' అను మాటతో వెదకి చూచిరా యని ముందుగా ఆ పుస్తకమున చూచుకొని బయలుదేరును.